ఎక్సెల్ మాక్రోల నుంచి లిబ్రేఆఫీస్ కాల్క్‌కు: పర్లాకిమిడి జీడిపప్పు యూనిట్ లెక్కల మార్పిడి

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర జీడిపిక్కలు కొట్టించి పప్పు అమ్మే ఒక చిన్న యూనిట్ ఇది. లెక్కలన్నీ ఎక్సెల్ 2010లో, ఒకే వర్క్‌బుక్‌లో ఉండేవి. అందులోని మాక్రోలు (పనిని తమంతట నడిపే చిన్న ప్రోగ్రాములు) చేసే పనులు మూడు. 80 కిలోల బస్తాల లెక్కన వచ్చే పిక్కల ఆవక రాయడం, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ చేసే వాళ్ల వారం కూలి తేల్చడం, పలాస, బరంపురం వ్యాపారులకు పప్పు బిల్లు వేయడం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీసులోని కంప్యూటర్లలో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు) లేదు, ప్రాసెసర్లు కూడా పాతవి, కాబట్టి విండోస్ 11 వాటికి ఎక్కదు. మిషన్లు మాత్రం బాగానే నడుస్తున్నాయి. వాటిని పారేయకుండా లినక్స్ మింట్ 22, దానితో వచ్చే లిబ్రేఆఫీస్ 24.2 (ఎక్సెల్‌కు బదులు ఇందులో ఉండేది కాల్క్) పెట్టాలని నిర్ణయమైంది.

లెక్కలు చూసే వాళ్లకు వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) బాగా వచ్చు, లినక్స్ రాదు. వాళ్లకున్న నేర్పులో ఎంత భాగం ఇక్కడ పనికొస్తుంది, ఏది కొత్తగా నేర్చుకోవాలి అన్నదే ఈ కేస్ స్టడీ.

ముందే చెప్పదగ్గది ఒకటి ఉంది. భాష దాదాపు మారదు. ఇఫ్, ఫర్, డూ వైల్, సెలెక్ట్ కేస్, సబ్, ఫంక్షన్, లెఫ్ట్, మిడ్, ఇన్‌స్టర్ అన్నీ లిబ్రేఆఫీస్ మాక్రోల భాష అయిన బేసిక్‌లోనూ ఉన్నాయి. మారేది షీటును, గడిని, ఫైలును, ప్రింటరును పట్టుకునే పద్ధతి. అందుకే మాక్రోను వరసకు వరసగా తిరగరాయడం మొదలుపెడితే పని ఎటూ తేలదు. లెక్క చేసే భాగాన్ని, గడిని తాకే భాగాన్ని ముందు విడదీయాలి. ఆ విడదీత కూడా ఎక్సెల్ ఇంకా చేతిలో ఉండగానే, అక్కడే చేయాలి. అక్కడైతే ఫలితం మారిందో లేదో పాత సంఖ్యలతో వెంటనే సరిచూసుకోవచ్చు.

విండోస్ మీద ఉండగానే చేసిన పని

వీబీఏ ఎడిటర్‌లో ఫైండ్ తెరిచి, ప్రాజెక్ట్ మొత్తం మీద కొన్ని మాటలు వెతికాం: క్రియేట్‌ఆబ్జెక్ట్, డిక్లేర్, షెల్, సెండ్‌కీస్, యాక్టివ్‌షీట్, సెలెక్షన్, డ్రైవ్ సి పేరుతో మొదలయ్యే ఫైలు దారులు. దొరికిన ప్రతి చోటునూ ఒక కాగితం మీద ఎక్కించాం. క్రియేట్‌ఆబ్జెక్ట్, డిక్లేర్, షెల్, సెండ్‌కీస్ ఉన్న చోట్లు విండోస్‌కు కట్టుబడినవి. వాటికి కొత్త దారి వెతకాల్సిందే. యాక్టివ్‌షీట్, సెలెక్షన్ ఉన్నవి రికార్డర్‌తో పుట్టిన పాత మాక్రోలు. వాటిని షీటు పేరుతో, రేంజ్ పేరుతో పిలిచేలా ఎక్సెల్‌లోనే మార్చాం.

గడి చిరునామాల విషయంలో కూడా ఇక్కడే ఒక మంచి పని చేయవచ్చు. రేటు పట్టికకు, కూలీల జాబితాకు, పన్ను శాతానికి నేమ్ మేనేజర్‌లో పేర్లు పెట్టాలి. ఆ పేర్లు ఫైలుతో పాటే కాల్క్‌కు వస్తాయి. అక్కడ డాక్యుమెంట్‌కు ఉన్న నేమ్డ్‌రేంజెస్ నుంచి గెట్‌బైనేమ్‌తో పేరును తీసుకుని, గెట్‌రెఫర్డ్‌సెల్స్ అడిగితే ఆ గడులు చేతికి వస్తాయి. వరస, నిలువు లెక్కపెట్టడంలో వచ్చే సగం తప్పులు దీంతోనే పోతాయి.

తరువాత కూలి లెక్కను విడిగా ఒక ఫంక్షన్‌గా రాశాం. దానికి గ్రాములు, పైసల్లో రేటు ఇస్తే పైసల్లో కూలి ఇస్తుంది. గడుల ఊసే అందులో ఉండదు. ఇలాంటి ఫంక్షన్లు లిబ్రేఆఫీస్‌కు ఒక్క అక్షరం మారకుండా వెళ్లాయి.

వీబీఏ సపోర్ట్ ఎంతవరకు

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫైలును (మాక్రోలున్న ఎక్సెల్ ఫైలును) కాల్క్‌లో తెరిచినప్పుడు మాక్రోలు రావాలంటే టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, వీబీఏ ప్రాపర్టీస్‌లో బేసిక్ కోడ్ లోడ్ చేసే గడి, ఎగ్జిక్యూటబుల్ కోడ్ గడి టిక్ అయి ఉండాలి. అలా వచ్చిన మాడ్యూల్ (కోడ్ ఉండే పుట) మొదట్లో ఆప్షన్ వీబీఏసపోర్ట్ 1 అన్న వరస కనిపిస్తుంది. అది ఉన్నంత వరకు రేంజ్, సెల్స్, వర్క్‌షీట్స్ లాంటి ఎక్సెల్ మాటలు చాలావరకు పనిచేస్తాయి.

దీన్ని చూసి పని అయిపోయింది అనుకోకూడదు. ఈ సపోర్ట్ పాక్షికం. మామూలు గడులు చదవడం, రాయడం వరకు నడుస్తుంది. యూజర్‌ఫారాలు (వివరాలు నింపే కిటికీలు), యాక్టివ్ఎక్స్ అనే విండోస్ పద్ధతి బటన్లు, పివట్ (సారాంశ పట్టిక) మీద పనిచేసే కోడ్ దగ్గర ఆగిపోతుంది. పైగా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గానే సేవ్ చేస్తే, లిబ్రేఆఫీస్‌లో మీరు చేసిన కోడ్ మార్పులు ఆ ఫైలులోకి వెళ్లవు. పాత వీబీఏ కోడ్‌నే అది అలా మోస్తుంది. రోజంతా కోడ్ సరిచేసి, సేవ్ చేసి, మర్నాడు తెరిస్తే పాతదే కనిపించడానికి కారణం ఇది. అందుకని మొదటి రోజే ఓడీఎస్‌గా (కాల్క్ సొంత ఫైలు రకంగా) సేవ్ చేసి, ఇక అదే అసలు ఫైలు అని తీర్మానించుకోవాలి.

ఇక్కడ ఈ సపోర్ట్‌ను వంతెనగానే వాడాం. ముందు పాత కోడ్ యథాతథంగా నడిచిన భాగాల ఫలితాలు తీసిపెట్టుకున్నాం. తరువాత ఒక్కో మాడ్యూల్‌ను సొంత బేసిక్‌లోకి మార్చి, ఆ ఫలితాలతో పోల్చాం. ఆప్షన్ వీబీఏసపోర్ట్ 1 వరస మాడ్యూల్‌కి మాడ్యూల్ వేరుగా ఉంటుంది కాబట్టి ఇలా అంచెలుగా మార్చడం కుదురుతుంది. సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ (సంఖ్య ఇస్తే దాని యూనికోడ్ అక్షరం ఇచ్చేది) లాంటి ఫంక్షన్లు ఆ వరస ఉంటేనే పనిచేస్తాయి కనుక, పేర్లు శుభ్రం చేసే చిన్న ఫంక్షన్లను మాత్రం ఆ సపోర్ట్ ఉన్న ఒక మాడ్యూల్‌లోనే ఉంచేశాం.

మాక్రో అసలు మొదలే కాకపోతే కారణం చాలాసార్లు భద్రతా అమరిక. లిబ్రేఆఫీస్‌లో మాక్రో సెక్యూరిటీ మామూలుగా హై మీద ఉంటుంది. దాన్ని "లో" (తక్కువ స్థాయి) చేయడం తప్పు, బయటి నుంచి వచ్చిన ఏ ఫైలులోని మాక్రో అయినా అప్పుడు అడగకుండానే నడుస్తుంది. ట్రస్టెడ్ సోర్సెస్ ట్యాబ్‌లో లెక్కల ఫోల్డర్ ఒక్కదాన్ని నమ్మదగిన చోటుగా చేర్చితే సరిపోతుంది.

గడిని పట్టుకోవడం

అందరూ మొదట పడేది ఇక్కడే. ఎక్సెల్‌లో సెల్స్(5, 4) అంటే ఐదో వరస, నాలుగో నిలువు, అంటే డి5. ముందు వరస, తరువాత నిలువు, లెక్క ఒకటి నుంచి. కాల్క్‌లో గెట్‌సెల్‌బైపొజిషన్‌కు ముందు నిలువు, తరువాత వరస ఇవ్వాలి, లెక్క సున్నా నుంచి. అదే డి5 కావాలంటే గెట్‌సెల్‌బైపొజిషన్(3, 4). ఒకేసారి రెండు తేడాలు. ఒకదాన్ని సరిచేసి రెండోది మరిచిపోతే ఎర్రర్ రాదు, పక్క గడిలో సంఖ్య పడుతుంది. కూలి పట్టికలో అలా ఒకరి కిలోలు ఇంకొకరి వరసలో పడితే వారం చివర్లో గానీ బయటపడదు. ఇంకో సంగతి: ఆ ఫంక్షన్‌ను షీటు మీద కాకుండా ఒక రేంజ్ మీద పిలిస్తే, లెక్క ఆ రేంజ్ మూల నుంచి మొదలవుతుంది.

దీనికి చేసిన ఏర్పాటు చిన్నదే. గడి(షీటు, వరస, నిలువు) అనే మన సొంత ఫంక్షన్ ఒకటి రాసి, ఎక్సెల్ అలవాటు ప్రకారమే వరస ముందు, ఒకటి నుంచి లెక్క ఇచ్చేలా పెట్టాం. లోపల అది రెండింటి స్థానం మార్చి, ఒక్కొక్కటి తీసేసి గెట్‌సెల్‌బైపొజిషన్‌ను పిలుస్తుంది. గడి లోపలికి మూడు తలుపులున్నాయి: వాల్యూ సంఖ్యకు, స్ట్రింగ్ అక్షరాలకు, ఫార్ములా సూత్రానికి. ఎక్సెల్‌లోలాగా ఒక్క వాల్యూతో అన్నీ నడవవు. కూలీ కోడ్ 007 లాంటిది వాల్యూలో వేస్తే 7 అయిపోతుంది, స్ట్రింగ్‌లోనే వేయాలి.

ఫార్ములా రాసేటప్పుడు ఆర్గ్యుమెంట్ల మధ్య కామా కాదు, సెమికోలన్ పెట్టాలి. షీటు పేరు తరువాత ఆశ్చర్యార్థకం బదులు చుక్క వస్తుంది. వీబీఏలో వర్క్‌షీట్‌ఫంక్షన్ ద్వారా పిలిచే వీలుకప్ (పట్టికలో వెతికి విలువ తెచ్చేది) లాంటివాటికి ఇక్కడ ఫంక్షన్‌యాక్సెస్ అనే సర్వీసును క్రియేట్‌యూనోసర్వీస్‌తో తెచ్చుకుని, కాల్‌ఫంక్షన్‌తో అడగాలి.

చివరి వరస కనుక్కోవడం కూడా చూసుకోవాలి. ఎక్సెల్‌లో అడుగు నుంచి ఎండ్(ఎక్స్‌ఎల్‌అప్) అంటే ఆ నిలువులోని చివరి గడి వస్తుంది. కాల్క్‌లో కర్సర్ చేసి గోటుఎండ్‌ఆఫ్‌యూజ్డ్‌ఏరియా అంటే షీటు మొత్తంలో వాడిన చివరి చోటు వస్తుంది. కుడి పక్కన ఎవరో కింద ఒక చిన్న గమనిక రాసి ఉంటే, కొత్త ఆవక దాని కిందకు పోయి పడుతుంది. కాబట్టి ఆ చివరి వరస నుంచి పైకి వస్తూ తేదీ నిలువులో ఖాళీ కాని గడి దొరికేదాకా చూడాలి.

వేగం, ఎరేలు, అందులో ఒక పెద్ద ఉచ్చు

ఒక్కో గడిని విడిగా తాకితే కాల్క్ నెమ్మదిగా ఉంటుంది. ఎక్సెల్‌లో రేంజ్.వాల్యూను ఒక ఎరేలోకి (మెమరీలో విలువల వరస లేదా పట్టికలోకి) లాగి, లెక్క చేసి, తిరిగి వేసే అలవాటున్నవాళ్లకు ఇక్కడ గెట్‌డేటాఎరే, సెట్‌డేటాఎరే దొరుకుతాయి. కానీ ఆకారం వేరు. ఎక్సెల్ ఇచ్చేది ఒకటి నుంచి లెక్కించే రెండు దిక్కుల ఎరే. కాల్క్ ఇచ్చేది సున్నా నుంచి లెక్కించే వరసల ఎరే, ఒక్కో వరస మళ్లీ ఒక ఎరే. అంటే ఏ(5, 4) కాదు, ఏ(4)(3).

ఖాళీ గడి ఎక్సెల్‌లో ఎంప్టీగా వచ్చి కూడికలో సున్నాగా చెల్లుతుంది. కాల్క్‌లో అది ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. సంఖ్యలన్నీ డబుల్‌గా (దశాంశాలూ పట్టే సంఖ్యా రకంగా) వస్తాయి కాబట్టి, టైప్‌నేమ్ డబుల్ అయితేనే కూడికలోకి తీసుకోవాలి. తిరిగి వేసేటప్పుడు రేంజ్ కొలత, ఎరే కొలత అచ్చంగా సరిపోవాలి, ఒక్క వరస తేడా వచ్చినా మాక్రో ఆగిపోతుంది. తేదీలను సీడబుల్ (CDbl)తో సంఖ్యగా మార్చి పంపాలి. తేదీ సంఖ్యలు మాత్రం రెండింటిలో ఒకటే, 1900 మార్చి 1 నుంచి తేడా లేదు.

ఉచ్చు ఇది. వీబీఏలో ఒక ఎరేను ఇంకోదానికి కేటాయిస్తే నకలు తయారవుతుంది. లిబ్రేఆఫీస్ బేసిక్‌లో నకలు కాదు, రెండు పేర్లూ అదే ఎరేను చూపుతాయి. కాబట్టి లూపు బయట ఒకే వరస ఎరే డిక్లేర్ చేసి, లోపల దాన్ని నింపుతూ పెద్ద ఎరేలో వేసుకుంటూ పోతే, చివరికి షీటు నిండా ఆఖరి కూలీ పేరే, ఆఖరి కూలీ డబ్బే కనిపిస్తుంది. వీబీఏలో ఏళ్లుగా సరిగ్గా నడిచిన లూపు ఇక్కడ ఇలా తప్పుతుంది. ప్రతి తిరుగుడులోనూ ఎరే() ఫంక్షన్‌తో కొత్త వరసను పుట్టించి వేయడమే మందు.

ఎక్సెల్‌లో స్క్రీన్‌అప్‌డేటింగ్ (తెర మారుతూ ఉండటం) ఆపడానికి బదులు డాక్యుమెంట్ మీద లాక్‌కంట్రోలర్స్, చివర్లో అన్‌లాక్‌కంట్రోలర్స్. మధ్యలో ఎర్రర్ వచ్చి అన్‌లాక్ కాకుండా బయటికొస్తే తెర గడ్డకట్టినట్టు ఉంటుంది. కనుక ఆన్ ఎర్రర్ గోటు పెట్టి, ఎర్రర్ దారిలోనూ అన్‌లాక్ వచ్చేలా రాయాలి.

కూలి డబ్బు, సగం రూపాయి

ఈ మార్పిడిలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. వీబీఏలోని రౌండ్, సీఇంట్ (CInt), సీలాంగ్ (CLng) సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు మొగ్గుతాయి. 412.5 అయితే 412, 413.5 అయితే 414. షీటులోని రౌండ్ ఫార్ములా మాత్రం 412.5ను 413 చేస్తుంది. ఎక్సెల్ లోపలే ఈ రెండు పద్ధతులు కలిసి ఉన్నాయి. మాక్రో వేసిన కూలి స్లిప్పుకు, షీటు చూపే మొత్తానికి మధ్య రూపాయి తేడా అక్కడి నుంచే వచ్చేది. పీలింగ్ చేసే మనిషి రూపాయి తక్కువైతే అడుగుతుంది, అడగాలి కూడా.

ఏ వేదిక మీద ఏ రౌండ్ ఎలా నడుస్తుందో గుర్తుపెట్టుకోవడం కంటే, సొంత నియమం రాసుకోవడం మేలు. సగం వస్తే కూలీకే అనుకూలం అని యజమానితో మాట్లాడి ఖాయం చేసి, ఇంట్(ఎక్స్ + 0.5) అని ఒకే ఒక్క ఫంక్షన్‌లో పెట్టాం. మిగతా కోడ్ అంతటా రౌండ్ అన్న మాటే తీసేశాం.

దశాంశాలు కూడా తీసేశాం. కిలోలను గ్రాములుగా, రూపాయలను పైసలుగా మార్చి, గ్రాములను రేటుతో గుణించి, 1000తో భాగించాం. ఈ లబ్ధాన్ని లాంగ్‌లో (పూర్ణ సంఖ్యల రకంలో) దాచకూడదు. లాంగ్ 2,147,483,647 దాకే పడుతుంది. కిలో 120 రూపాయల చొప్పున 300 కిలోలంటే 3,00,000 గ్రాములు, 12,000 పైసలు, లబ్ధం 360 కోట్లు, ఓవర్‌ఫ్లో. డబుల్‌లో ఉంచితే ఈ స్థాయి పూర్ణ సంఖ్యలు చెక్కుచెదరవు.

ఆవక, పప్పు తూకం పోల్చే తనిఖీ కూడా అలాగే దశాంశాలు లేకుండా రాశాం. పిక్క నుంచి పప్పు పావు వంతుకు అటూ ఇటూ వస్తుంది. బాగా దాటినా, బాగా తగ్గినా ఆ లాటు వరసను రంగుతో చూపుతుంది. చాలాసార్లు అది తూకం తప్పు కాదు, బస్తాల సంఖ్య గడిలో కిలోలు కొట్టడం.

రెండు లిపుల పేర్లు

పర్లాకిమిడి ప్రాంతంలో కూలీల జాబితా ఒక్క లిపిలో ఉండదు. కొందరి పేర్లు తెలుగులో, కొందరివి ఒడియాలో రాసి ఉంటాయి. విండోస్‌లో షీటు గడిలో తెలుగు బాగానే కనిపిస్తుంది గానీ, వీబీఏ ఎడిటర్ యూనికోడ్ ఎడిటర్ కాదు. కోడ్‌లో జీడి అని టైపు చేస్తే ప్రశ్నార్థకాలు పడతాయి. అందుకే పాత మాక్రోలో ఆ ఒక్క మాటకు సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ 3100, 3136, 3105, 3135 అని నాలుగు ముక్కలు కలిపి రాయాల్సి వచ్చింది. లిబ్రేఆఫీస్ బేసిక్ ఎడిటర్‌లో తెలుగును కోట్స్ మధ్య నేరుగా రాయవచ్చు. స్లిప్పు శీర్షికలు, హెచ్చరికలు అన్నీ చదవగలిగే తెలుగులోకి వచ్చాయి. ఈ మార్పిడిలో నిజంగా లాభించిన చోటు ఇది. రేపు ఇంకెవరు ఈ కోడ్ తెరిచినా, ఏ సందేశం ఎక్కడ వస్తుందో చదివి తెలుసుకోగలరు.

స్లిప్పు ఏ భాషలో వేయాలో పేరు మొదటి అక్షరం కోడ్ చూసి మాక్రో తేల్చుకుంటుంది. 3072 నుంచి 3199 మధ్య అయితే తెలుగు, 2816 నుంచి 2943 మధ్య అయితే ఒడియా.

వెతుకులాటలో ఒక చిక్కు వచ్చింది. ఒకే పేరు రెండు చోట్ల చూడటానికి అచ్చం ఒకేలా ఉండి, వీలుకప్‌లో దొరకదు. కారణం కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, కోడ్ 8204. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. చివర్లో ఖాళీ ఉండటం ఇంకో కారణం. పేరు లోపలికి వచ్చిన చోటే 8204, దాని జోడు 8205 రెంటినీ తీసేసి, ట్రిమ్ చేసి ఉంచాలి. అయినా పేరుతో వెతకడం నమ్మదగ్గది కాదు. ఒక ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. కూలీ కోడ్‌తో వెతికి, పేరును చూపడానికే వాడాలి. కాల్క్ ఆప్షన్స్‌లో కాలిక్యులేట్ పేజీలో వైల్డ్‌కార్డులా, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లా అన్నది కూడా చూడాలి. రెండోది ఎంచి ఉంటే, ఇంటి పేరు పొడి అక్షరం పక్కన ఉండే చుక్క ఏ అక్షరానికైనా సరిపోయేస్తుంది.

బిల్లు: రాష్ట్రం దాటితే ఒక పన్ను, దాటకపోతే రెండు

యూనిట్ ఒడిశాలో ఉంది కనుక ఆంధ్రలోని పలాస వ్యాపారికి అమ్మితే ఐజీఎస్‌టీ (రాష్ట్రం దాటే అమ్మకం పన్ను), ఒడిశాలోనే ఉన్న బరంపురం వ్యాపారికి అమ్మితే సీజీఎస్‌టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రానిది). మాక్రో కొనేవాళ్ల జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూస్తుంది: 21 ఒడిశా, 37 ఆంధ్రప్రదేశ్. ఈ తర్కం లెఫ్ట్ ఫంక్షన్‌తోనే నడుస్తుంది కాబట్టి మార్పు లేకుండా వచ్చింది.

రౌండింగ్ మాత్రం ఇక్కడా కాటేస్తుంది. జీడిపప్పు మీద 5 శాతం అంటే రాష్ట్రం లోపల అమ్మినప్పుడు రెండున్నర, రెండున్నర. రూ. 1,010.60 విలువకు రెండున్నర శాతం 2526.5 పైసలు. వీబీఏ సీలాంగ్‌తో 2526, షీటు రౌండ్‌తో 2527. మన ఫంక్షన్ రెండో దాన్నే ఇస్తుంది, రెండు పన్నులూ విడివిడిగా అదే ఫంక్షన్ గుండా వెళ్తాయి కనుక ఎప్పుడూ సమానంగా ఉంటాయి. మొత్తం 5 శాతం లెక్కకట్టి రెండుగా చీల్చితే బేసి పైస మిగిలి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అవుతుంది. అలా చేయకూడదు.

గ్రేడు గడిలో 180, 210, 240, 320 అని సంఖ్యలుగా ఉంచకుండా డబ్ల్యూ అక్షరంతో సహా ఉంచాం. అవి ఒక పౌండు బరువుకు ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) అన్న లెక్క. సంఖ్యగా ఉంటే పొరపాటున కూడికలోకి వెళ్లిపోతాయి.

ఫారాలు, బటన్లు, ఈవెంట్లు

యూజర్‌ఫారాలను మార్చే ప్రయత్నం పెట్టుకోలేదు. డైలాగ్ ఎడిటర్‌లో కొత్తగా గీయడమే త్వరగా అవుతుంది. టూల్స్, మాక్రోస్, ఆర్గనైజ్ డైలాగ్స్‌లో గీసి, కోడ్‌లో ముందు డైలాగ్‌లైబ్రరీస్‌లో స్టాండర్డ్‌ను లోడ్ చేసి, క్రియేట్‌యూనోడైలాగ్‌తో తెరవాలి. లోడ్ చేయడం మరిస్తే మీ దగ్గర నడిచి, పక్క కంప్యూటర్‌లో ఫైలు తెరిచిన వెంటనే నడవదు. ఎక్సెల్‌లో గడి మారగానే నడిచే వర్క్‌షీట్_ఛేంజ్‌కు బదులు షీటు ట్యాబ్ మీద కుడి క్లిక్ చేసి షీట్ ఈవెంట్స్‌లో కంటెంట్ ఛేంజ్డ్‌కు మాక్రో తగిలించాలి. మారిన రేంజ్ దానికి అందుతుంది. ఒకేసారి చాలా గడులు అతికిస్తే వచ్చేది ఒక్క గడి కాదు, కనుక ముందు అది ఏమిటో అడిగి చూడాలి.

మాక్రో రికార్డర్ నుంచి నేర్చుకుందాం అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. కాల్క్ రికార్డర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో ఆన్ చేస్తేనే కనిపిస్తుంది. అది రాసేది డిస్పాచర్ కోడ్, మెనూ నొక్కిన వరస తప్ప గడిని నేరుగా పట్టుకునే కోడ్ ఉండదు. దానికన్నా టూల్స్‌లోని డెవలప్‌మెంట్ టూల్స్ ఎంతో నయం. 7.2 నుంచి లోపలే వస్తోంది. ఏ వస్తువు ఎంచుకుంటే దానికున్న ప్రాపర్టీలు, మెథడ్లు చూపుతుంది.

డిక్షనరీ, తూకం మిషన్

స్క్రిప్టింగ్ డిక్షనరీ (ఒక కోడ్ ఇస్తే దాని విలువ తెచ్చే జాబితా) విండోస్ సొత్తు, లినక్స్‌లో లేదు. 7.1 నుంచి వచ్చిన స్క్రిప్ట్‌ఫోర్జ్ లైబ్రరీని లోడ్ చేసి, క్రియేట్‌స్క్రిప్ట్‌సర్వీస్‌తో డిక్షనరీ తెచ్చుకుంటే వాడకం దాదాపు అలాగే ఉంటుంది.

తూకం మిషన్ పాత ఎమ్మెస్‌కామ్ కంట్రోల్ (సీరియల్ పోర్టు చదివే విండోస్ భాగం) ద్వారా చదివేవారు. అది 32 బిట్ యాక్టివ్ఎక్స్, ఇక్కడ రాదు. బేసిక్‌లో దాని జోలికి పోకుండా, చిన్న పైథాన్ స్క్రిప్టుతో సీరియల్ పోర్టు చదివి ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల) ఫైలులో వరస చేర్చేలా పెట్టాం. మాక్రో ఆ ఫైలు చివరి వరసను తీసుకుంటుంది. పోర్టు పేరు సాధారణంగా డెవ్ ఫోల్డర్‌లో టీటీవైయూఎస్‌బీ0. లాగిన్ అయిన మనిషి డయల్‌అవుట్ గ్రూపులో లేకపోతే పర్మిషన్ లేదని వస్తుంది. గ్రూపులో చేర్చాక లాగౌట్ చేసి మళ్లీ రావాలి, లేకపోతే చేర్చినట్టే ఉండదు. వైరు పెట్టినా పోర్టు కనబడి మాయమైతే, కొన్ని ఉబుంటు ఆధారిత వెర్షన్లలో బ్రెయిలీ పరికరాల ప్యాకేజీ బీఆర్‌ఎల్‌టీటీవై, యూఎస్‌బీ సీరియల్ వైరులోని సీహెచ్340 చిప్పును తనదనుకొని పట్టేసుకుంటుంది. ఆ పరికరం అవసరం ఎవరికీ లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయాలి.

మిషన్ ఆగకుండా తూకం పంపుతూనే ఉంటుంది, సంచి ఇంకా ఊగుతుండగా కూడా. ఒకే సంఖ్య వరసగా కొన్నిసార్లు వచ్చినప్పుడే స్క్రిప్టు దాన్ని రాయాలి.

ముద్రణ

విండోస్‌లో గౌతమి, ఒడియాకు కళింగ ఫాంట్లు ఉండేవి. లినక్స్‌లో అవి ఉండవు, వాటి బదులు నోటో, లోహిత్ వస్తాయి. అక్షరాల ఎత్తు, వెడల్పు వేరు కనుక స్లిప్పులో ఒక వరస రెండవుతుంది, పేజీ దాటుతుంది. ఫాంట్ ఏదో స్టైల్‌లో ఖాయం చేసి, పేజీ స్టైల్‌లో స్కేల్‌టుపేజెస్‌ఎక్స్ 1, వై 0 (వెడల్పు ఒక పేజీ, పొడవు ఎంతైనా) పెట్టాలి. పేజీ అమరిక షీటుకు కాక పేజీ స్టైల్‌కు ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఒకే స్టైల్ వాడే రెండు షీట్లలో ఒకటి మారిస్తే రెండూ మారతాయి.

పీడీఎఫ్‌కు స్టోర్‌టుయూఆర్‌ఎల్, ఫిల్టర్ పేరు కాల్క్_పీడీఎఫ్_ఎక్స్‌పోర్ట్. ఫిల్టర్‌డేటాలో సెలెక్షన్ ఇవ్వకపోతే వర్క్‌బుక్ మొత్తం పీడీఎఫ్ అవుతుంది. ఒకరి స్లిప్పు వాట్సాప్‌లో పంపబోయి అందరి కూలీ లెక్కా పంపినట్టవుతుంది. ఇది ముందే పరీక్షించి తీరాలి. ఫైలు దారిని కన్వర్ట్‌టుయూఆర్‌ఎల్ గుండా పంపాలి. లినక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటే అవి వేరు వేరు ఫైళ్లు.

పక్కపక్కనే నడపడం

కొత్తది సిద్ధమయ్యాక పాతదాన్ని వెంటనే ఆపలేదు. ఒక విండోస్ మిషన్‌ను నెట్ తీసేసి ఉంచి, అవే తూకాలు రెండింటిలో ఎక్కించి, వారం చివర రెండింటి నుంచీ సీఎస్‌వీ తీసి కూలీ కోడ్ వారీగా పైసల్లో తేడా చూసేవాళ్లు. తేడాలు కనిపించిన ప్రతిసారీ ఏది సరైనదో చేత్తో లెక్కగట్టాలి, కొత్తదే తప్పని అనుకోకూడదు. సగం రూపాయి తేడాల్లో చాలావాటికి కారణం పాత మాక్రోలోనే ఉంది.

గూగుల్ షీట్స్ ఎందుకు వద్దనుకున్నారంటే, నెట్ పోయినప్పుడు తూకం ఆగకూడదు. అక్కడి యాప్స్ స్క్రిప్ట్ జావాస్క్రిప్ట్, వీబీఏ వచ్చినవాళ్లకు భాష కూడా కొత్తది. ఒక్క రన్‌కు ఆరు నిమిషాల హద్దు కూడా ఉంది.

మాక్రోలను మై మాక్రోస్‌లో కాకుండా ఫైలు లోపలే ఉంచాం. మై మాక్రోస్‌లో ఉన్నవి ఆ యూజర్ హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉండిపోతాయి, ఫైలు కాపీ చేస్తే వెంట రావు. రోజూ సాయంత్రం తేదీ పేరుతో ఓడీఎస్ నకలు ఇంకో డిస్కులోకి వెళ్తుంది. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు ఫైలు లాక్ అయి ఉందన్న మాట వస్తుంది. అదే ఫోల్డర్‌లో చుక్కతో మొదలై లాక్ అన్న పేరుతో ఒక దాగిన ఫైలు మిగిలి ఉంటుంది. ఇంకే కంప్యూటర్‌లోనూ లెక్కల ఫైలు తెరిచి లేదని చూసుకుని, కంట్రోల్ హెచ్ నొక్కి దాన్ని కనబరచి, తీసేయాలి.